లీలక్క ట్యాబ్ నోరు నొక్కిందెవరు?

"నేరం ఏడు నిలువుల లోతున దాక్కున్నా సరే, ఈ ఏసుకుమార్ చూపు దాన్ని జుట్టు పట్టుకుని బయటికి ఈడుస్తుంది! జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు నుంచి బోరబండ స్టేషన్ దాకా వెతికినా ఇలాంటి మెదడు ఇంకొకటి దొరకదు. ఇది నేను చెబుతున్న మాట కాదు సోఫియా, రేపు చరిత్ర చెప్పబోయే మాట!"

"చరిత్ర చెప్పేలోపు కింద నుంచి గ్యాస్ బండ పైకి తెండి. పప్పు సగంలో ఆగిపోయింది," అంది సోఫియా వంటింట్లోంచి.

చరిత్రపురుషుడు గెడ్డం సగమే గీసుకున్న మొహం తుడుచుకుని, లుంగీ ఎగ్గట్టుకుని మెట్లు దిగాడు.

ఏసుకుమార్‌ది ఏలూరు. సినిమాల్లో వేషాల కోసం వచ్చి యూసుఫ్‌గూడలో స్థిరపడి ఇరవై ఏళ్ళయింది. ఈ ఇరవై ఏళ్ళలో నలభై మూడు సినిమాల్లో పోలీసు వేషం వేశాడు. వాటిలో ముప్పై తొమ్మిది కానిస్టేబుళ్ళు, మూడు హెడ్ కానిస్టేబుళ్ళు, ఒక్కటంటే ఒక్కటి సి.ఐ. ఆ సి.ఐ. వీపు మాత్రమే తెరమీద కనిపిస్తుంది. అన్నేళ్ళు ఖాకీ తొడుక్కోవడం వల్ల ఆ రంగు చొక్కాలోంచి మెదడులోకి దిగి, తాను పుట్టు డిటెక్టివునని అతనికి గట్టి నమ్మకం కుదిరింది. చర్చిలో గొడుగు పోయిన కేసులో ఏకంగా పాస్టరు గారినే అనుమానించి, ఆ ఏడాది క్రిస్మస్ నాటకంలో బాలయేసును చూడటానికొచ్చే ముగ్గురు జ్ఞానుల్లో ఒకడి వేషం పోగొట్టుకున్నాడు. గొడుగు బెంచీ కిందే దొరికింది.

అలాగని అతనికి తన సంగతి తెలియదనుకోవద్దు. "ఒరే ఏసూ, నీకంత సీను లేదురా," అని లోపల ఒక చిన్న గొంతు అప్పుడప్పుడూ గొణుగుతూనే ఉంటుంది. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు, అతను చెవులు మూసుకుని డిటెక్టివు పని చేస్తుంటాడు.

బండ భుజాన వేసుకుని తిరిగి వస్తుంటే కింది వాటాలోని లీలాకుమారి మెట్ల దగ్గర ఆపింది.

"తమ్ముడూ, నీతో ఒక మాట."

చేతిలో తువ్వాలు చుట్టిన వస్తువేదో ఉంది. పసిబిడ్డను ఎత్తుకున్నట్టు ఎత్తుకుంది. విప్పి చూపిస్తే అది ఆమె ట్యాబ్.

లీలాకుమారి డబ్బింగ్ ఆర్టిస్టు. కాకినాడ మనిషి. ఇరవై ఆరేళ్ళుగా తెలుగు తెర మీద కొడుకుల కోసం గుండెలు బాదుకున్న తల్లుల్లో సగం మందికి ఏడుపు ఆమెదే. ఇంటి దగ్గర మాత్రం ఆమె ఏడవగా చూసినవాళ్ళు లేరు. ఏడుపు పనికొచ్చే సరుకని, దాన్ని ఊరికే పారబోయకూడదని అనేది.

"ఇది మోగట్లేదు," అంది. "మూడు వారాలైంది. టింగు లేదు, రింగు లేదు. రవిచంద్ర తెలుసుగా, డబ్బింగ్ కోఆర్డినేటరు? వారానికి నాలుగుసార్లు చేసేవాడు. 'లీలమ్మా, మూడింటికి రండి, ఒక అత్తగారుంది, ఒక నర్సుంది' అని. అతనూ చెయ్యట్లేదు, ఎవరూ చెయ్యట్లేదు."

"పాడైందేమో అక్కా?"

"బల్ల మీద పెడితే చక్కగా వెలుగుతోంది. పాటలు పెడితే పాడుతోంది. పాడైంది ఇది కాదు తమ్ముడూ, నా గొంతు. కొత్త పిల్లలొచ్చారు. పాతదాన్ని వద్దని మొహం మీద చెప్పలేక ఊరుకున్నారు." తువ్వాలు మళ్ళీ చుట్టింది. "కాకినాడలో మా చెల్లెలు వచ్చెయ్యమంటోంది. ఇవాళ సాయంత్రం డబ్బింగ్ ఆర్టిస్టుల అసోసియేషన్ ఆఫీసుకెళ్ళి నా సభ్యత్వం కార్డు తిరిగిచ్చేద్దామనుకుంటున్నా. ఐదింటికి కట్టేస్తారు. ఈలోపు నిజమేంటో నువ్వు కనుక్కోగలిగితే కనుక్కో. గొంతు పోయిందంటే పోయిందనే చెప్పు, తట్టుకుంటా."

ఏసుకుమార్ భుజం మీద గ్యాస్ బండ ఉన్న సంగతే మర్చిపోయాడు. ఇరవై ఏళ్ళలో అతని దగ్గరికి మొదటిసారి ఒక అసలైన కేసు తనంతట తానే నడిచి వచ్చింది.

"కుట్ర!" అన్నాడు.

లీలక్కని వెంటబెట్టుకుని పైకి వెళ్ళాక సోఫియా అంతా విని, "ఆ ట్యాబ్ ఒకసారి తెరిచి, ఫోన్లేమైనా వచ్చాయేమో చూడొచ్చు కదా అక్కా?" అని అడిగింది.

లీలక్క తల అడ్డంగా ఊపింది. "మోగినప్పుడే తెరవడం నాకలవాటమ్మా. మోగనిదాన్ని తెరిస్తే, ఎవరూ పిలవలేదన్న సంగతి కళ్ళారా చూడాలి. ఆ ధైర్యం లేదు."

"నేను చూస్తాలెండి," అని సోఫియా చెయ్యి చాచింది.

"ముట్టుకోకు!" అని ఏసుకుమార్ కేకపెట్టాడు. "అది నేరస్థలం. మామూలు మనుషులు తెరిచి చూడటంతో మొదలుపెడతారు. మేధావులు అక్కడికి చివర్లో వస్తారు."

అని, ఫ్రిజ్‌లో కరివేపాకు దాచుకునే ప్లాస్టిక్ సంచీ ఖాళీ చేసి, ట్యాబ్‌ను అందులో పెట్టి మూతి బిగించాడు. లోపలి గొంతు "ఒరే..." అని ఏదో అనబోయింది. అప్పటికే అతను స్కూటర్ తాళం వెతుక్కుంటున్నాడు.

ఫిల్మ్‌నగర్‌లో రవిచంద్ర పనిచేసే డబ్బింగ్ థియేటర్ ముందు పన్నెండు గంటలకు ఒక అపరిచితుడు దిగాడు. నల్ల కళ్ళద్దాలు, మెడకు మఫ్లర్, మూతి మీద మేకప్ పెట్టెలోంచి తీసిన గుబురు మీసం. మండుటెండకి ఆ మీసం జిగురు కరిగి ఎడమవైపు జారుతోంది.

"ఏంది భాయ్, మీసం ఊడుతుంది, జర చూస్కో," అన్నాడు గేటు దగ్గర వాచ్‌మన్ నాగసాయి.

అపరిచితుడు గొంతు మార్చాడు. "నేనొక రహస్యమైన పని మీద వచ్చాను."

"గట్లనా? అయితే గీ రిజిస్టర్‌ల రాయి. పేరు, ఫోన్ నంబరు. పని అన్న కాడ 'రహస్యం' అని రాయి."

చట్టాన్ని గౌరవించేవాడు కాబట్టి ఏసుకుమార్ పూర్తి పేరు, నంబరు రాసి, పని దగ్గర 'రహస్యం' అని రాసి సంతకం కూడా పెట్టాడు.

నాగసాయి అతని మొహంలోకి చూశాడు. "నిన్ను యాడనో చూసిన. ఆఁ, యాదికొచ్చింది! హీరో బస్టాండ్ల కొడుతుంటే లాఠీ ఇడిచిపెట్టి ఉరికిన పోలీసోడివి నువ్వే కదా? మస్తు ఉరికినవ్ తియ్యి!"

ఏ నటుడికైనా అభిమాని దొరికితే ఆనందమే. కానీ మారువేషంలో ఉన్నప్పుడు దొరకకూడదు. ఏసుకుమార్ మీసం సర్దుకుని గబగబా లోపలికి నడిచాడు.

వరండాలో మొదటి అనుమానితురాలు కూర్చుని ఉంది. పేరు మంజులత, పని కొత్తగా డబ్బింగ్, ఊరు రహమత్ నగర్, వయసు ముప్పై లోపు, గొంతు తేనె. ఒళ్ళో ఫ్లాస్కు, ఫ్లాస్కులో వేడినీళ్ళు. తన గొంతును ఇంత జాగ్రత్తగా చూసుకునే మనిషి ఇంకొకరి గొంతు నొక్కడానికి వెనకాడుతుందా అని అతను తర్కించాడు. ఆ తర్కం ఎక్కడ మొదలై ఎక్కడ తేలిందో అడిగితే అతనే చెప్పలేడు.

"మంజులతా! లీలాకుమారి అన్న పేరు వినగానే నీ గుండె ఎందుకు ఝల్లుమంది?"

"ఝల్లుమనలేదన్నా. ఏసన్నవే కదా నువ్వు? మీసమేంటి అలా ఉంది? లీలక్క బాగుందా? పదిహేను మెసేజ్‌లు పెట్టాను, ఒక్కదానికీ బదులు లేదు. నామీద కోపమొచ్చిందేమోనని నాకు భయంగా ఉంది."

ఏసుకుమార్ కళ్ళు మెరిశాయి. జేబులోంచి పుస్తకం తీసి రాసుకున్నాడు: 'పదిహేనుసార్లు వేధించింది. భయపడుతున్నట్టు తనే ఒప్పుకుంది.'

"అక్కకి ఒంట్లో బాగోలేదా?" అని అడిగింది మంజులత.

"ప్రశ్నలు నేను వేస్తాను!" అన్నాడు గానీ, వెయ్యడానికి ప్రశ్నలేవీ తట్టలేదు. అందుకని మంజులత ఇచ్చిన వేడినీళ్ళు ఒక కప్పు తాగి, థ్యాంక్స్ చెప్పి లేచాడు.

రెండో అనుమానితుడు రవిచంద్ర లోపల రికార్డింగ్ గదిలో ఉన్నాడు. తలుపు మీద ఎర్ర లైటు వెలుగుతోంది. ఎర్ర లైటు వెలిగినప్పుడు లోపలికి వెళ్ళకూడదని సినిమావాళ్ళ ఇళ్ళల్లో ఐదేళ్ళ పిల్లలకీ తెలుసు. ఏసుకుమార్‌కీ తెలుసు. కానీ నేరస్థుణ్ణి పట్టుకోబోతున్న వేళ లైటు రంగు ఎవరు చూస్తారు?

"ఎవరూ కదలొద్దు! ఈ గదిని నా మెదడు చుట్టుముట్టింది!"

గదిలో ఎవరూ కదల్లేదు. మైకు ముందు ఒకామె నోరు తెరిచి అలాగే ఉండిపోయింది. కొద్దిసేపటికి సౌండ్ ఇంజనీరు నీరసంగా ఆ టేకును వెనక్కి తిప్పి వినిపించాడు. తెరమీద తెల్లచీర తల్లి కన్నీళ్ళు తుడుచుకుంటూ కొడుకు వైపు తిరిగి, మగగొంతుతో "ఎవరూ కదలొద్దు!" అని గద్దించింది. నిజం చెప్పాలంటే పెదాలకి బాగానే కుదిరింది.

రవిచంద్ర తల పట్టుకున్నాడు. "పొద్దుట్నించీ ఇది పదకొండో మనిషయ్యా! ఇప్పుడే దారిలో పడుతోంది అనుకుంటుంటే... ఆగాగు, నువ్వు ఏసువి కదూ? లీలమ్మ గారి పైవాటాలో ఉంటావు కదూ?"

ఏసుకుమార్ వేలెత్తి చూపించాడు. "దొరికావు! ఆ పేరు నేనెత్తకముందే నువ్వెత్తావు. గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టుంది."

"అది కాదయ్యా, ఆవిడకి నువ్వు వెళ్ళి అర్జెంటుగా..."

"నీ సంజాయిషీ కోర్టులో చెప్పుకో!"

అలా అని గిరుక్కున తిరిగి బయటికి నడిచాడు. సినిమాల్లో ఈ డైలాగు చెప్పాక ఎవరూ నిలబడరు. నిలబడితే రవిచంద్ర ఆ వాక్యం పూర్తి చేసేవాడు, మన కథ అక్కడితో అయిపోయేది. మీసం మాత్రం గడప దగ్గర ఉండిపోయింది.

గేటు ఎదురుగా టీకొట్టు చాటున ఇద్దరి మీదా నిఘా వేసి ఇల్లు చేరేసరికి నాలుగు దాటింది. లీలక్క గంజిపెట్టిన నేతచీర కట్టుకుని, హ్యాండ్‌బ్యాగ్ ఒళ్ళో పెట్టుకుని ఏసుకుమార్ వాళ్ళ ముందుగదిలో కూర్చుని ఉంది. కార్డు బ్యాగులో ఉందని చూడగానే తెలుస్తోంది. ఆమె చెయ్యి ఆ బ్యాగు మీంచి కదలడం లేదు.

"ఏం తేలింది తమ్ముడూ?"

ఆ అడగడంలో ఉన్న ఆశ చూసి ఏసుకుమార్ జేబులోంచి పుస్తకం తీసి, తిరగేసి, మళ్ళీ జేబులో పెట్టేసుకున్నాడు. పొద్దుట్నించి తాను చేసిందంతా తలుచుకుంటే పెట్రోలు ఖర్చూ, ఒక మీసం నష్టమూ తప్ప ఏమీ మిగల్లేదు. ఇది గొడుగు కేసు కాదు. తాను తప్పితే ఈ మనిషి కార్డు తిరిగిచ్చేసి ఊరెళ్ళిపోతుంది. అది తలుచుకుంటే మొదటిసారి అతనికి భయం వేసింది.

భయం వేస్తే అతను గొంతు పెంచుతాడు.

"ఇద్దరు కలిసి చేసిన నేరం! రుజువు ఒక్కటే బాకీ. వేలిముద్రలు! సోఫియా, పౌడరు!"

సోఫియా టాల్కం పౌడరు డబ్బా తెచ్చి ఇచ్చింది. ఏసుకుమార్ కరివేపాకు వాసన కొడుతున్న ట్యాబ్‌ను బల్ల మీద పెట్టి, అట్టు మీద కారప్పొడి చల్లినట్టు పౌడరు చల్లాడు. కొంచెం చల్లాల్సింది సగం డబ్బా పడింది. నేరస్థుడి వేలిముద్రల సంగతి అలా ఉంచి ట్యాబే కనిపించకుండా పోయింది.

"ఎక్కువైంది," అన్నాడు. పౌడరు దులపడానికి అరచేత్తో పైనుంచి కిందికి ఒక్కసారి రాశాడు. ఆ రాయడంతో తెర వెలిగి, పైనుంచి పరదాలాంటిదొకటి కిందికి జారింది. అదేంటో వంగి చూడబోయాడు. పౌడరు ముక్కులోకి వెళ్ళింది.

హాఛ్!

ఇల్లు అదిరేలా తుమ్మాడు. ఆ తుమ్ముకి మనిషి ముందుకి తూలి, చూపుడువేలు ట్యాబ్ మీద ఎక్కడో గుచ్చుకుంది.

టింగ్!

ముగ్గురూ ఉలిక్కిపడ్డారు. టింగ్ టింగ్ అని ఇంకో రెండు వచ్చాయి. ఆ వెంటనే ట్యాబ్ పౌడరు కిందనుంచి పెద్దగా మోగడం మొదలుపెట్టింది. లీలక్క లేచి నిలబడింది. సోఫియాయే నొక్కి స్పీకర్‌లో పెట్టింది.

"లీలమ్మా! ఎత్తారా తల్లీ!" అది రవిచంద్ర గొంతు. "మూడు వారాల్నించి చేస్తున్నానమ్మా! కోపంలో ఉన్నారేమోనని ఇంటికి రావడానికి మొహం చెల్లలేదు. ఏం తప్పు చేశామో చెప్పండి, కాళ్ళు పట్టుకుంటాం. ఈ తల్లి పాత్రకి పదకొండు మందితో చెప్పించాం. ఎవరిదీ నచ్చక డైరెక్టరు గారు లీలమ్మే కావాలని మొండికేసి కూర్చున్నారు. రేపు పొద్దున్నే మిక్సింగ్. ఐదింటికల్లా రాలేనంటే ఇక వేరేవాళ్ళతో కానిచ్చేస్తాం."

ఇరవై ఆరేళ్ళు మాటలమ్ముకుని బతికిన మనిషి, "వస్తున్నా బాబూ" అంది, అదీ గుసగుసలాగా. ఫోన్ పెట్టేశాక చీరకొంగు మొహానికి అడ్డం పెట్టుకుని ఎవరి కోసమూ కాకుండా, ఏ తెరా లేకుండా ఏడ్చింది.

"తమ్ముడూ, నువ్వు మనిషివి కాదురా. ఏం చేశావో నాకు తెలీదు గానీ, నీ రుణం తీర్చుకోలేను," అని అతని చెయ్యి పట్టుకుంది. "మొహం కడుక్కుని వస్తా. సోఫియా, వీటిలో ఏమేం ఉన్నాయో కాస్త చూసిపెట్టమ్మా."

ఆమె కిందికి వెళ్ళగానే ఏసుకుమార్ ఛాతీ పొంగింది. "చూశావా? విజ్ఞానశాస్త్రం!"

సోఫియా పౌడరు తుడిచి తెర వైపు చూస్తోంది. "ఇదిగో, ఇక్కడ చందమామ బొమ్మ ఉంది చూశారా? ఇది నొక్కితే ట్యాబ్ ఎవరు పిలిచినా పలకదు. నా ఫోన్లోనూ ఉంది, చర్చిలో కూర్చునేటప్పుడు నొక్కుతా. మీ తుమ్ముకి ఇది ఆఫ్ అయింది. అంతే మీ శాస్త్రం. దీన్ని మూడు వారాల కిందట ఎవరో నొక్కారు."

"ఎవడా నీచుడు? ఎవడా దుర్మార్గుడు? వాణ్ణి..."

"ఆగండి. మీ వీడియో ఉంది ఇందులో."

ఈమధ్య వేషాల కోసం ఆఫీసుల చుట్టూ తిరగక్కర్లేదు. ఇంట్లోనే డైలాగు చెప్పి వీడియో తీసి పంపిస్తే చాలు. మూడు వారాల కిందట ఆదివారం, తన ఫోన్ కెమెరా పగిలిపోయిందని ఏసుకుమార్ లీలక్క ట్యాబ్ అరగంటకి అడిగి తెచ్చుకుని, ఒక ఏసీపీ వేషానికి వీడియో తీసుకున్నాడు. సోఫియా దాన్ని నొక్కింది.

తెరనిండా ఏసుకుమార్ మొహం. ఆ మొహం కెమెరాకి మరీ దగ్గరగా వచ్చి, నాలుక బయటపెట్టి, వేలితో దేన్నో వెతికి నొక్కింది. "సైలెన్స్! టేక్ మధ్యలో ఇది టింగుమందంటే నా బతుకు గోవిందా," అని చెప్పి వెనక్కి జరిగి, పెట్టుడు మీసం మెలేసింది.

ఇరవై ఏళ్ళ అలవాటు. టేక్ చెప్పే ముందు కనిపించిన ఫోన్ నోరల్లా మూయించడం సెట్లో అతని మొదటి పని. టేక్ అయ్యాక తెరిపించాలన్నది ఎవరూ నేర్పలేదు. తన నటన తనకే తెగ నచ్చేసి, వీడియో పంపేసి, ట్యాబ్ అలాగే తీసుకెళ్ళి అక్కకి ఇచ్చేశాడు. చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, నేరస్థుణ్ణి ఇంట్లోనే పెట్టుకుని ఫిల్మ్‌నగర్ దాకా వెళ్ళి వెతికాడు.

"ఇంకా ఉంది," అంది సోఫియా. ఆమె గొంతులో వెక్కిరింత పోయింది. "మీరు పంపింది ఈ ట్యాబ్ నుంచే కదా. జవాబు కూడా దీనికే వచ్చింది. 'ఏసుకుమార్ గారూ, వీడియో బాగుంది. ఏసీపీ పాత్ర మీదే. బుధవారం ఉదయం ఏడింటికి సెట్లో ఉండండి.' ఆ కింద ఐదుసార్లు ఫోన్ చేశారు. ఆ కింద, 'మీరు పలకనందువల్ల వేరేవారిని తీసుకున్నాం' అని."

ఆ బుధవారం గడిచి పది రోజులైంది. మొహం కనిపించే వేషం, నాలుగు డైలాగులున్న వేషం. తనకి రాలేదని రోజూ ఆ కంపెనీని తిట్టుకుంటూనే ఉన్నాడు. ఏసుకుమార్ కుర్చీలో కూలబడ్డాడు. లోపలి చిన్న గొంతు కూడా ఈసారి ఏమీ అనలేదు. జాలిపడి ఉంటుంది.

"అక్కకి మీరు చెబుతారా, నన్ను చెప్పమంటారా?"

చెప్పకపోతే ఈ ఊళ్ళో అతన్ని మేధావి అనే మనిషి ఒకరైనా మిగులుతారు. ఆ ఆశ అతని మొహంలో అర నిమిషం కొట్టుమిట్టాడింది.

"నేనే చెబుతా. దారిలో," అన్నాడు.

చెక్‌పోస్టు దగ్గర రెడ్ సిగ్నల్ పడింది. తొంభై సెకన్లు. వెనక కూర్చున్న లీలక్క అప్పటికి మూడోసారి అంటోంది, "నీలాంటి తమ్ముడు ఉండాలిరా."

"అక్కా, దొంగ దొరికాడు," అన్నాడు ఏసుకుమార్ వెనక్కి తిరక్కుండా. "వీడియో తీసుకుంటూ ట్యాబ్ నోరు మూయించాడు. తెరిపించడం మర్చిపోయాడు. వాడు ఇప్పుడు నీ ముందు కూర్చుని స్కూటర్ నడుపుతున్నాడు."

 గ్రీన్ పడింది. వెనకవాళ్ళు హారన్లు కొట్టారు. థియేటర్ చేరేదాకా ఆమె బ్యాగు గట్టిగా పట్టుకుని కూర్చుంది. దిగేటప్పుడు అతని భుజం కూడా పట్టుకోలేదు.

లోపల అందరూ ఎదురుచూస్తున్నారు. డైరెక్టరు స్వయంగా కుర్చీ జరిపాడు. లీలక్క మైకు ముందు నిలబడి, కాగితం ఒకసారి చదువుకుని, గొంతు సవరించుకుంది. ఏసుకుమార్ మైకు గది అద్దానికి ఇవతల, ఇంజనీరు వెనక మూలకి ఒదిగి నిలబడ్డాడు. ఎర్ర లైటు వెలిగింది. తెరమీద తెల్లచీర తల్లి కొడుకు వైపు తిరిగింది. లీలక్క తెర వైపు ఒక్క చూపు చూసి, అద్దంలోంచి ఏసుకుమార్ వైపు తిరిగింది.

"నమ్మి ఇల్లప్పగిస్తే నా ఇంటికే నిప్పు పెట్టావా! ఇన్నాళ్ళూ ఎవరెవరినో అనుమానించాను రా. నా రాతని తిట్టుకున్నాను, దేవుణ్ణి తిట్టుకున్నాను. నా గుమ్మంలోనే ఉండి, ఏమీ ఎరగనట్టు నన్నే ఓదారుస్తావా!"

గొంతు ఖంగుమంది. మూడు వారాలు మూలపడిన గొంతేనా ఇది అని ఇంజనీరు తల తిప్పి చూశాడు. డైరెక్టరు కళ్ళు తుడుచుకున్నాడు.

"అద్భుతం అమ్మా! ఒక్క టేకులో! జాగ్రత్త కోసం ఇంకొక్కటి చెబుతారా?"

"అలాగే బాబూ. ఆ మూలనున్న మనిషి తలుపు వైపు జరుగుతున్నాడు, కాస్త ఇలా నా ఎదురుగా నిలబెట్టండి. వాడి మొహం కనిపిస్తే ఈ కోపం నాకు సులువుగా వస్తుంది."

రవిచంద్ర ఏసుకుమార్‌ని భుజాలు పట్టుకుని తెచ్చి అద్దానికి ఎదురుగా నిలబెట్టాడు. రెండో టేక్ అయింది, మూడోదీ అయింది. నాలుగోది ఓకే అని, మైకు కట్టేశామని ఇంజనీరు చెప్పాడు. లీలక్క వినిపించుకోలేదు. కాగితం పక్కన పెట్టేసి, సినిమాలో లేని తిట్లు, కాకినాడవి, మొదలుపెట్టింది. ఆ గొంతు ఎక్కడికీ పోలేదని తెలిసిన సంతోషంతో ఏసుకుమార్ తలవంచుకుని ఒక్కొక్కటీ శ్రద్ధగా విన్నాడు.